కావలూరు ప్రయాణం: పెద్ద అద్దం, చిన్న చుక్క

చిత్తూరు నుంచి వేలూరు, ఆంబూరు, వాణియంబాడి మీదుగా జవ్వాది కొండల్లోని కావలూరు చేరేసరికి సాయంత్రం నాలుగైంది. ఇక్కడి వైను బప్పు అబ్జర్వేటరీలోకి శనివారాలు సందర్శకుల్ని రానిస్తారు. బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైటు ఒకసారి చూసుకోండి. మబ్బుంటే రాత్రి చూడ్డానికేమీ ఉండదు. మేం వెళ్లింది జనవరిలో, ఆకాశం కడిగినట్టుంది.

ఖగోళ శాస్త్రవేత్త బప్పు పెరిగింది మన హైదరాబాదులోనే. వాళ్ల నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. 1986లో బప్పు పేరే పెట్టిన ఇక్కడి పెద్ద టెలిస్కోపు అద్దం వెడల్పు 2.34 మీటర్లు. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప ఏడు మిల్లీమీటర్లనుకుంటే, దానికన్నా లక్ష రెట్లు ఎక్కువ వెలుగు పడుతుందీ అద్దంలో. కానీ అందులోంచి ఎవరూ కన్ను పెట్టి చూడరు, కెమెరాలూ, వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫులే చూస్తాయి. "ఏం బావా, ఇంత దూరం తెచ్చి ఇనప గొట్టం చూపిస్తున్నావా?" అన్నాడు మా బావమరిది.

నాకు మాత్రం పక్కనున్న ఒక మీటరు టెలిస్కోపే నచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డొస్తుందని లెక్క కట్టి, ఇక్కడి శాస్త్రవేత్తలు దీంతో ఆ నక్షత్రం వెలుగును కొలుస్తూ కూర్చున్నారు. గ్రహం ఇంకా అడ్డు రాకముందే వెలుగు చటుక్కున తగ్గి, మళ్లీ వచ్చింది. వేరే చోట్ల కొలిచినవాళ్లకూ ఇలాంటి తగ్గుదలలే కనిపించాయి, అవీ గ్రహానికి రెండు వైపులా. అలా బయటపడ్డాయి యురేనస్ వలయాలు. అప్పుడు వాటిని కంటితో చూసినవాళ్లు లేరు, వెలుగు లెక్కలోనే దొరికాయి.

తిండి, బస సంగతి: నీళ్లూ టిఫినూ వెంట తీసుకెళ్లండి. ఆంబూరులో ఆగి బిర్యానీ తినండి, వంకాయ కూర అడిగి మరీ వేయించుకోండి. ఏలగిరిలో గదులు బాగుంటాయిగానీ, అర్ధరాత్రి ఆ 14 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కాలి. మేం వాణియంబాడి లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రమే, గీజరు పని చెయ్యలేదు.

చీకటి పడ్డాక చిన్న టెలిస్కోపు దగ్గర క్యూ కట్టాం. మనిషికి పది సెకన్లు కూడా దక్కలేదు. గురుగ్రహం, వరసగా నాలుగు చుక్కలు, దాని చందమామలు. మా పాప నోటుబుక్కులో గీసుకుంది. గంట తర్వాత మళ్లీ క్యూలో నిలబడి చూస్తే మూడే ఉన్నాయి. లోపలి చుక్క అయో, 42 గంటలకో చుట్టు తిరుగుతుందట, గ్రహం చాటుకు వెళ్లిందన్నారు. పాప మొదటి బొమ్మ కొట్టెయ్యబోతే ఆపాను. పక్కనే రెండోది గీసి, రెంటికిందా టైము రాసుకుంది.