ట్రైనింగా, యాప్‌లో కోర్సా, వాట్సాప్ గ్రూపా: ఆఫీసు నడిపేవాళ్లకు ఏది మేలు?

గెజిటెడ్ పోస్టులోకి ప్రమోషన్ వచ్చిన మొదటి నెలలోనే నాకు తెలిసొచ్చింది, డిపార్ట్‌మెంటల్ టెస్టులన్నీ పాసైనంత మాత్రాన ఆఫీసు నడపడం వచ్చేయదని. సంతకం పెట్టే కుర్చీలో కూర్చున్నాక వచ్చే డౌట్లే వేరు. సూపరింటెండెంట్‌ని అడిగితే లోకువైపోతాం, పై ఆఫీసర్‌ని అడిగితే "ఇదీ తెలీదా" అంటారని టెన్షన్. అప్పటి నుంచి మూడు దారులూ వాడి చూశాను. మొదటిది ఎక్కడికైనా వెళ్లి అక్కడే ఉండి తీసుకునే ట్రైనింగ్. తెలంగాణవాళ్లకు జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి సంస్థ, ఆంధ్రావాళ్లకు బాపట్లలో ఉన్న సంస్థ, గ్రామీణాభివృద్ధి వాళ్లకైతే రాజేంద్రనగర్‌లో ఎన్ఐఆర్‌డీ. రెండోది ఫోన్లో ఐగాట్ కర్మయోగి, అంటే ప్రభుత్వ ఉద్యోగులకు ఆన్‌లైన్ కోర్సులు నేర్పే యాప్. మూడోది మీ ఫోన్లోనూ ఉండే ఉంటుంది, బ్యాచ్ వాట్సాప్ గ్రూపు.

గ్రూపుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరం ముందు తట్టే తలుపు అదే. దాని గొప్పతనం స్పీడు. రాత్రి పదింటికి "ఈ మెమోకి రిప్లై ఫార్మాట్ ఎవరి దగ్గరైనా ఉందా" అని పెడితే పది నిమిషాల్లో పక్క జిల్లా నుంచి పీడీఎఫ్ వచ్చేస్తుంది. ఆ పని ఏ ట్రైనింగూ చేయలేదు. కానీ నన్ను ముంచింది కూడా అదే. ఒక కొనుగోలు ఫైల్లో, గ్రూపులో ఎవరో పెట్టిన జీఓ నంబరు చూసి, దాన్నే ఆధారం చేసుకుని నోట్ ఫైల్లో పేరా రాసేశాను. ఆ జీఓని సవరిస్తూ తర్వాత ఇంకోటి వచ్చిందని నాకు తెలీదు, గ్రూపులో కూడా దాన్ని ఎవరూ పెట్టలేదు. ఏడాదిన్నర తర్వాత ఆడిట్ అభ్యంతరం వచ్చింది. జవాబు రాసుకోవాల్సింది నేను. ఆ జీఓ పెట్టినాయన మాత్రం "అయ్యో" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు. ఆయన్ని అనడానికేముంది, ఒరిజినల్ తెరిచి చూడకుండా రాసింది నేనే కదా.

గ్రూపుకి అంతకంటే పెద్ద లోటు ఇంకోటుంది. అందులో అందరం ఒకే డిపార్ట్‌మెంటు, ఒకే కేడరు, ఒకే నూతిలో కప్పలం. నాకు తెలియనిది సాధారణంగా వాళ్లకూ తెలీదు. పైగా డీఏ, పీఆర్సీ, బదిలీల పుకార్లు, గుడ్ మార్నింగ్ పువ్వులు, వీటి కింద అసలు ప్రశ్న ఎప్పుడో కొట్టుకుపోతుంది.

ఇక ఐగాట్. 2020 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ మిషన్ కర్మయోగికి ఆమోదం ఇచ్చింది, ఈ ప్లాట్‌ఫామ్ అందులో భాగం. నియమాలకు కట్టుబడి పనిచేసే ఉద్యోగిని తన పాత్రకు కావాల్సిన నేర్పు ఉన్న ఉద్యోగిగా మార్చడం అని దాని ఉద్దేశం. ఉద్దేశానికి వంక పెట్టను. కోర్సులు చిన్నవి, చివర ఒక టెస్టు, పాసైతే సర్టిఫికెట్, దానితోపాటు కర్మ పాయింట్లు. 2024 అక్టోబరులో కర్మయోగి సప్తాహ్ పెట్టి ఒక్కొక్కరూ కనీసం నాలుగు గంటలు నేర్చుకోవాలన్నారు. ఇలా గంటల లెక్క పెడితే మనవాళ్లు ఏం చేస్తారో మీకు చెప్పక్కర్లేదు: వీడియో మ్యూట్‌లో పెట్టి, ఒక పక్క ఫైళ్ల మీద సంతకాలు పెట్టుకుంటూ, ఆఫీసులో యోగా బ్రేక్ లాంటి చిన్న కోర్సులు ముందు పూర్తి చేసేస్తారు. నేనూ చేశాను, దాచడమెందుకు.

అయినా దాన్ని తీసిపారేయలేం. ఎక్సెల్, మహిళలపై పనిచోట వేధింపుల నివారణ చట్టం, నోటింగ్ డ్రాఫ్టింగ్, ఇలాంటివి అవసరం పడిన రోజున అరగంట కూర్చుని చూస్తే పనికొస్తాయి. రాష్ట్ర ఉద్యోగులు జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. అక్కడ చాలా కోర్సులు కేంద్ర ప్రభుత్వ నియమాల మీద నడుస్తాయి. కొనుగోళ్ల పాఠంలో జీఎఫ్‌ఆర్ 2017 అంటారు, అంటే కేంద్రం ఆర్థిక నియమాలు; మన ఆడిట్ పార్టీ వచ్చి రాష్ట్ర ఫైనాన్షియల్ కోడ్ తెరుస్తుంది. క్రమశిక్షణ చర్యల దగ్గర వాళ్లది సీసీఎస్ రూల్స్, మనకు 1991 నాటి సీసీఏ రూల్స్. పద్ధతి ఒకేలా కనిపిస్తుంది కానీ ఛార్జి మెమోలో తప్పు రూలు నంబరు పడిందంటే కేసు అక్కడే బలహీనపడుతుంది. అన్నిటికంటే పెద్ద లోటు, దాంట్లో వంద కోర్సులు చేసినా రేపు ఫోన్ చేసి అడగడానికి ఒక్క మనిషీ పరిచయం కాడు.

ఆ మనిషి నాకు దొరికింది ట్రైనింగ్‌లో. క్లాసులో కాదు, మెస్‌లో. క్లాసుల సంగతి నిజం చెప్పాలంటే సగం బాగుంటాయి, సగం భోజనం తర్వాత పెడతారు. ఐదు రోజుల ట్రైనింగ్‌లో మూడో రోజు రాత్రి పెరుగన్నం తింటూ పక్కన కూర్చున్నాయన ఏ డిపార్ట్‌మెంటని అడిగితే ట్రెజరీ అన్నాడు. అప్పటికి మా ఆఫీసు కరెంటు బిల్లు మూడుసార్లు తిరిగొచ్చి ఉంది, ట్రెజరీ అంటేనే నాకు ఒళ్లు మంట. అదే అన్నాను. ఆయన నవ్వి టైంటేబుల్ కాగితం వెనక్కి తిప్పి, ఆఫీసు ఖర్చుల హెడ్ (బడ్జెట్ పద్దు) నంబరు 130 అని రాసి, దాని కింద 131, 132, 133 అని గీతలు గీశాడు. "కరెంటు, నీళ్ల చార్జీలు 133 సార్. మీవాళ్లు 132లో, ఇతర ఆఫీసు ఖర్చుల్లో పెడుతుంటారు. అందులో బడ్జెట్ ఉన్నా నేను పాస్ చేయకూడదు."

"ఆ ముక్క రాసి పంపొచ్చుగా?"

"ప్రతిసారీ రిమార్కు రాస్తూనే ఉంటాం సార్. మీ ఆఫీసులో అది చూసేదెవరు?"

నేను ఎప్పుడూ చూడలేదు. బిల్లు తిరిగొచ్చిందని క్లర్కు నోటితో చెప్పడమే తప్ప, ఎందుకొచ్చిందో నా కళ్లతో చదవలేదు. వెనక్కి వెళ్లాక తీసి చూస్తే మూడు రిమార్కులూ అక్షరం పొల్లుపోకుండా అదే మాట. ఆయనతో పరిచయం ఇప్పటికీ ఉంది. బిల్లు వరస తప్పించి ముందు పాస్ చేయమని ఒక్కసారి కూడా అడగలేదు, అడిగితే ఆ పరిచయం ఆ రోజుతో సరి. పెట్టేముందు "ఇది ఏ హెడ్ సార్" అని అడుగుతాను, అంతే. భూముల ఫైలు మీద ఆయనకేదైనా అర్థం కాకపోతే నాకు చేస్తాడు.

అందుకే నా ఓటు ట్రైనింగ్‌కే, అదీ వేరే వేరే డిపార్ట్‌మెంట్ల వాళ్లను కలిపి కూర్చోబెట్టే ట్రైనింగ్‌కి. ఒక్క డిపార్ట్‌మెంటు వాళ్లతోనే నడిపేదైతే అది వాట్సాప్ గ్రూపుని బస్సెక్కించి తీసుకెళ్లినట్టే.

దీనికీ ఇబ్బందులున్నాయి. ఇన్‌ఛార్జి ఎవరికిచ్చినా వారం తర్వాత టేబుల్ మీద ఫైళ్ల గుట్ట మనదే. క్లాసులో కూర్చున్నా వీడియో కాన్ఫరెన్స్ ఉందని ఫోన్లు ఆగవు. చిన్న పిల్లలున్న ఆడవాళ్లకు ఐదు రాత్రులు హాస్టల్లో ఉండటం అంత తేలిక కాదు. మా కొలీగ్ ఒకావిడ రెండుసార్లు పేరు తీయించుకుంది, మూడోసారి సొంత ఊళ్లోనే పెట్టిన రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లి నాకంటే ఎక్కువ మందిని పరిచయం చేసుకుని వచ్చింది. అలా జిల్లా కేంద్రంలో పెట్టేవి దొరికితే వదలొద్దు.

ప్రభుత్వ సంస్థల్లో, కార్పొరేషన్లలో పెద్ద పోస్టుల్లో ఉన్నవాళ్లకైతే హైదరాబాద్‌లోనే 1956 నుంచి నడుస్తున్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది, ఒకప్పటి నిజాం కుమారుడి బెల్లా విస్టా ప్యాలెస్‌లో. ఐఐఎంలలో, ఐఎస్‌బీలో పబ్లిక్ పాలసీ మీద పెద్ద కోర్సులూ ఉన్నాయి. వాటికి అనుమతి, ఫీజు, మిగిలిన సర్వీసు మూడూ కలిసిరావాలి. నా స్థాయి వాళ్లకు ఆ లెక్క ఎక్కువగా కుదరదు.

అసలు తంటా నామినేషన్ దగ్గరే ఉంది. పేర్లు పంపమని లెటర్ వస్తే ఏ ఆఫీసైనా ఎవరు లేకపోయినా పని ఆగదో వాళ్ల పేరే రాసి పంపుతుంది. ఒకరే నాలుగుసార్లు వెళ్లొస్తారు, పని చేసే మనిషి రిటైరయ్యేదాకా గేటు దాటడు. వచ్చే నెల బ్యాచ్‌కి లెటర్ మొన్ననే వచ్చింది. ఈసారి మా సూపరింటెండెంట్ పేరు రాశాను. ఆయన "నేను లేకపోతే ఇక్కడెలా సార్" అన్నాడు. ఎలాగో నాకూ తెలీదు, ఆ వారానికి లీవులో ఉన్న సీనియర్ అసిస్టెంట్‌ని వెనక్కి రమ్మని ఫోన్ చేశాను.