గ్రీన్ మ్యాట్ పనికి ఉచిత ఫ్యూజన్: ఎంతదాకా లాక్కొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

విశాఖలో షార్ట్ ఫిల్ములు, ప్రీవెడ్డింగ్ వీడియోలు, నగల షాపుల యాడ్లు చేసే చిన్న యూనిట్లకు కంపోజిటింగ్ (విడివిడిగా తీసిన బొమ్మలని ఒకే షాట్‌గా అతికించే పని) అనగానే గుర్తొచ్చేది ఆఫ్టర్ ఎఫెక్ట్స్, దాని వెనకే చందా. అదే పని డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లోపలి ఫ్యూజన్ పేజీలో పైసా కట్టకుండా అవుతుందా? అవుతుంది. పెళ్లి పనికి, యూట్యూబ్ పనికి, లోకల్ యాడ్‌కి ఉచిత వెర్షన్ సరిపోతుంది. షాట్ తేలిపోయిందంటే తప్పు చాలాసార్లు కీయర్‌ది (గుడ్డ రంగుని తీసేసే టూల్‌ది) కాదు, అంచుల లెక్క తెలియకపోవడానిది. ఆ లెక్క సరిచేసుకోవడానికి కావలసిన నోడ్లన్నీ (ఒక్కో పని చేసే, తీగలతో కలుపుకునే గడులు) ఇందులో ఉన్నాయి. కొరత ఉన్నది వేరే చోట్ల.

ఫ్యూజన్ కొత్త సరుకు కాదు. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో మొదలై, ఐయాన్ అనే సంస్థ చేతిలో చాలా ఏళ్లు నడిచింది. 2014లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కొనుక్కుంది. 2018లో రిజాల్వ్ 15 వచ్చినప్పుడు ఎడిటింగ్, కలర్ పేజీల పక్కన దీన్నీ ఒక పేజీగా పెట్టారు. లేయర్లు పేర్చే అలవాటున్నవాళ్లకు మొదటి వారం నోడ్లు చిక్కుపడ్డ దారాల్లా కనిపిస్తాయి. రెండు బొమ్మలని కలిపే మెర్జ్ నోడ్‌కి వెనక బొమ్మ పసుపు బాణంలోకి, ముందు బొమ్మ ఆకుపచ్చ బాణంలోకి, మాస్క్ (ఏ భాగం కనిపించాలో చెప్పే ఆకారం) నీలం బాణంలోకి వెళ్తాయి. ఈ ఒక్కటి చేతికి అలవాటైతే సగం భయం పోతుంది. రెండూ తారుమారైతే కంట్రోల్, టీ కలిపి నొక్కితే సరి. ఏ నోడ్ కావాలన్నా షిఫ్ట్, స్పేస్ కలిపి నొక్కి పేరు కొట్టడమే.

ఒక్క షాట్ పట్టుకుని చూద్దాం. ఆకుపచ్చ గుడ్డ ముందు పెళ్లికూతురు. మొహాన పసుపు, ఒంటి నిండా బంగారం, జడలో మల్లెలు. వెనక ఆర్కే బీచ్ ప్లేట్ (వెనక పెట్టడానికి విడిగా తీసిన వీడియో), దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఇంతకన్నా కష్టమైన పరీక్ష కీయర్‌కి పెట్టక్కర్లేదు.

ముందు ప్లేట్ ఎంచుకోవాలి, తర్వాతే లైట్లు. ఇక్కడ సముద్రం తూర్పున ఉంది. సముద్రాన్ని వెనక పెట్టి పొద్దున 7కి తీసిన ప్లేట్‌లో సూర్యుడు మనిషి వీపు వెనక ఉంటాడు, అంటే జుట్టు అంచున, భుజం మీద వెలుగు గీత పడాలి. అదే సాయంత్రం 4కి తీస్తే వెలుగు ఊరివైపు నుంచి నేరుగా మొహం మీద పడుతుంది. హాల్లో మొహానికి ఎదురుగా సాఫ్ట్‌బాక్స్ పెట్టి తీసిన షాట్‌ని పొద్దుటి ప్లేట్ మీద అతికిస్తే ఏ నోడూ కాపాడదు. ఎక్కడో తేడా ఉందని చూసేవాడికి తెలిసిపోతుంది, ఏమిటో చెప్పలేడంతే.

గుడ్డకీ మనిషికీ మధ్య 6 నుంచి 8 అడుగులు వదలాలి. గుడ్డకి వేరే లైట్లు ఉండాలి, వేవ్‌ఫామ్‌లో (వెలుగు మట్టం చూపే గ్రాఫ్) ఆకుపచ్చ 40–50 మధ్య ఒకే మట్టంగా కనిపించాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లూ చవక ఎల్‌ఈడీలూ సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. షటర్ 1/50 దగ్గర కట్టేయాలి. 24 ఫ్రేములకైతే షటర్ కోణం 172.8 డిగ్రీలు. ఫోన్‌ని ఆటోలో వదిలేస్తే గుడ్డ వెలుగు ఫ్రేముకో రకంగా ఊగుతుంది, ఒక ఫ్రేముకి కుదిర్చిన కీ (గుడ్డ రంగుని తీసేసే కోత) పదో ఫ్రేముకి చిల్లులు పడుతుంది. ఇంకొకటి, ఫోన్లు ఇచ్చే 4:2:0 ఫైల్లో రంగు వివరం అడ్డంలో సగం, నిలువులో సగమే ఉంటుంది. 1920×1080 ఫైలైతే రంగు 960×540కే దక్కుతుంది. కీయర్ కోసేది రంగునే కాబట్టి వెంట్రుకల దగ్గర మెట్లు మెట్లుగా వస్తుంది. ఫైనల్ హెచ్‌డీ అయినా గ్రీన్ మ్యాట్ షాట్ 4కేలోనే తీయండి. కీ లాగాక సగానికి తగ్గిస్తే ఆ మెట్లు మాయమవుతాయి. పచ్చ పట్టుచీరైతే నీలం గుడ్డ కట్టండి. జడలో మరువం ఉందేమో కూడా ముందే చూసుకోవాలి.

ఇక ఫ్యూజన్‌లోని కీయర్లలో ఒకటైన డెల్టా కీయర్. దీన్ని ఒంటరిగా వాడకండి. ముందు క్లీన్ ప్లేట్ నోడ్ వేసి, డ్రాపర్‌తో గుడ్డలో ఒక మచ్చ తీసుకుని, ఎరోడ్ కొంచెం పెంచి, గ్రో ఎడ్జెస్‌తో ఖాళీలు నింపి, ఫిల్ టిక్ పెట్టండి. మనిషి లేకపోతే గుడ్డ ఎలా ఉండేదో ఆ బొమ్మ తయారవుతుంది. దాన్ని కీయర్‌లోని క్లీన్ ప్లేట్ ఇన్‌పుట్‌కి కలిపితే గుడ్డ మడతలు, మూలల నీడలు చాలామటుకు వాటంతట అవే పోతాయి. తర్వాత మ్యాట్ ట్యాబ్‌లో థ్రెషోల్డ్ రెండు చివరలూ కొద్దికొద్దిగా జరపాలి. కీబోర్డ్ మీద A నొక్కి ఆల్ఫా (ఎక్కడ ఎంత కనిపించాలో చెప్పే నలుపు తెలుపు బొమ్మ) చూస్తూ జరపండి, రంగు బొమ్మ చూస్తూ కాదు. ఒంటి లోపల బూడిదరంగు మచ్చలు మిగిలితే థ్రెషోల్డ్‌ని ఇంకా బిగించొద్దు, జుట్టు తెగిపోతుంది. పాలిగన్‌తో ఒంటి లోపలివైపు ఒక గీత గీసి సాలిడ్ మ్యాట్ ఇన్‌పుట్‌కి ఇవ్వండి. కీయర్ అంచుల పని మాత్రం చూసుకుంటుంది.

ఫ్రింజ్ ట్యాబ్‌లో ఆకుపచ్చ చిందు (గుడ్డ నుంచి మనిషి మీద పడ్డ ఆకుపచ్చ వెలుగు) తీసే మెట్లకి పెట్టిన పేర్లు చూస్తే నవ్వొస్తుంది: రేర్, మీడియం, వెల్ డన్, బర్న్‌ట్. హోటల్లో పెసరట్టు ఎంత కాల్చాలో చెబుతున్నట్టే. మన పెళ్లికూతురి దగ్గర ఇదే అసలు చిక్కు. చిందు తీయడమంటే ఆకుపచ్చ చానెల్‌ని ఒక హద్దు దాటనివ్వకపోవడం. ఆ హద్దు ఎరుపు, నీలాల సగటు అనుకోండి. 0 నుంచి 1 దాకా ఉండే కొలతలో పసుపు రాసిన చెంప ఎరుపు 0.9, ఆకుపచ్చ 0.75, నీలం 0.2 ఉందంటే సగటు 0.55. ఆకుపచ్చ 0.75 నుంచి 0.55కి పడిపోతుంది, పసుపు కాస్తా ఇటుకరంగు, బంగారం రాగి. హద్దు ఎరుపు, నీలాల్లో పెద్దదైతే 0.75 అలాగే నిలుస్తుంది, బంగారం బంగారంలాగే ఉంటుంది. అయితే చర్మంలో ఎరుపెప్పుడూ పెద్దదే కాబట్టి ఆ పద్ధతిలో బుగ్గ మీద చిందు పోదు. అందుకే రెండూ వాడాలి. కీయర్‌లో చిందు తీయడం ఆపేసి, కస్టమ్ టూల్ నోడ్లు రెండు వేసి, ఒకదాని గ్రీన్ గడిలో సగటు లెక్క, రెండోదాని గ్రీన్ గడిలో పెద్దది లెక్క రాసి, పసుపు, నగలు ఉన్నచోట మాస్క్ గీసి రెండోది కనిపించనివ్వండి. పది నిమిషాల పని. మల్లెలకు సగటు లెక్కే మేలు, తెల్లగా తేలతాయి. గులాబి ఛాయ వస్తే హద్దు మరీ కిందికి పోయిందని అర్థం.

ఇప్పుడు ఆల్ఫా లెక్క. ఎక్కువ షాట్లు చెడేది ఇక్కడే. కీయర్ బయటికిచ్చే బొమ్మలో రంగు అప్పటికే ఆల్ఫాతో గుణించి ఉంటుంది. జుట్టు అంచున ఒక పిక్సెల్ అసలు రంగు 0.4, ఆల్ఫా 0.5 అనుకుంటే ఫైల్లో ఉండేది 0.2. మనిషి కొంచెం చీకటిగా ఉందని బ్రైట్‌నెస్ 0.1 పెంచారు. సరైన లెక్క ప్రకారం 0.4 కాస్తా 0.5 అయి, సగం చేస్తే 0.25 రావాలి. గుణించిన బొమ్మ మీదే పెంచితే 0.3 వస్తుంది. వెనక ఆకాశం 0.6 అయితే సరైన జవాబు 0.55, తప్పుది 0.6. అంచు చుట్టూ వెలుగు గీత అలా పుడుతుంది. ఆల్ఫా సున్నా ఉన్నచోట ఇంకా ఘోరం. ఏమీ లేనిచోట 0.1 చేరి ఆకాశం 0.7 అవుతుంది, ఫ్రేమంతా పాలిపోతుంది. మందు సులువే. కలర్ కరెక్టర్‌లోనూ బ్రైట్‌నెస్ కాంట్రాస్ట్‌లోనూ ప్రీ డివైడ్, పోస్ట్ మల్టిప్లై అనే టిక్ ఉంటుంది, అది పెట్టాలి. నాలుగైదు కరెక్షన్లుంటే ముందు ఆల్ఫా డివైడ్, చివర ఆల్ఫా మల్టిప్లై నోడ్ పెట్టి మధ్యలో పనంతా చేసుకోండి. జగదాంబ జంక్షన్ దగ్గర కట్టే ఫ్లెక్సీల్లో నాయకుడి చెవుల చుట్టూ తెల్లగా మెరిసే గీతకి దీనితో దగ్గరి చుట్టరికం: తెల్ల గోడ ముందు తీసిన ఫొటో కోసినప్పుడు అంచు పిక్సెళ్లలో గోడ రంగు మిగిలిపోతుంది. ఫొటోషాప్‌లో మ్యాటింగ్ మెనూలో డీఫ్రింజ్ 1 పిక్సెల్ ఇస్తే పోయేదే, ఎవరూ ఇవ్వరు.

లీనియర్ (అసలు వెలుగుకి సరిసమానంగా అంకెలుండే లెక్క) విషయానికొస్తే, మెర్జ్, బ్లర్, డీఫోకస్ మూడూ లీనియర్‌లోనే చేయాలి. కైలాసగిరి మీంచి తీసిన రాత్రి ప్లేట్‌లో ఊరి దీపాలని మసకచేసి మనిషి వెనక పెట్టారనుకోండి. తెలుపు, నలుపు చెరి సగం కలిస్తే లీనియర్‌లో వచ్చే 0.5 తెరమీద 0.73గా కనిపిస్తుంది. గామా (తెర కోసం ఆ అంకెలని వంచే లెక్క) ఉన్న బొమ్మని అలాగే మసకచేస్తే 0.5 దగ్గరే ఆగి, దీపాలు వెలిగే చుక్కల్లా కాకుండా బూడిద ముద్దల్లా పడతాయి. రెండు బొమ్మలకీ గామట్ నోడ్‌తో గామా తీసేసి, లెక్క 16 బిట్ ఫ్లోట్‌లో పెట్టి, చివర గామా తిరిగి చేర్చండి. కీ మాత్రం గామా ఉన్న బొమ్మ మీదే లాగి, ఆ ఆల్ఫాని లీనియర్ బొమ్మకి మ్యాట్ కంట్రోల్‌తో తగిలించడం మేలు. 8 బిట్ ఫైల్లో దీపాలన్నీ 1.0 దగ్గరే కత్తిరించి ఉంటాయి, కాబట్టి మసకచేసేముందు బాగా వెలిగేవాటిని మాస్క్ చేసి 4–5 రెట్లు పెంచాలి. ఒక హెచ్చరిక: లీనియర్ బొమ్మ వ్యూయర్‌లో చీకటిగా కనిపిస్తుంది. వ్యూయర్ లట్ (చూడటానికి మాత్రమే వెలుగు, రంగు సరిచేసే పట్టిక) ఆన్ చేయాలి. అది మరిచి బొమ్మనే వెలిగించి, చివరికి తెల్లబోయిన షాట్ ఇచ్చేవాళ్లున్నారు.

సముద్రపు గాలిలో తేమ ఉంటుంది కాబట్టి దూరపు కొండలో నిజమైన నలుపు ఉండదు. కర్సర్ పెడితే అంకెలు కింద కనిపిస్తాయి, చూసుకోండి. ఆ కొండ నలుపుని చూసి మనిషి జుట్టు నలుపుని పైకి లేపకూడదు. కొండ కిలోమీటర్ల దూరంలో ఉంది, మనిషి నాలుగు అడుగుల్లో ఉంది. పోల్చాల్సింది మనిషి ఉన్న దూరంలోనే ఉన్న వస్తువుతో, అది రెయిలింగ్ కావచ్చు, కొబ్బరి మాను కావచ్చు. గ్రెయిన్ (బొమ్మలో కదిలే సన్నటి పొడి) కూడా అంతే. బీ కీ నొక్కి నీలం చానెల్‌ని 200 శాతంలో చూస్తే ప్లేట్‌లో ఎంత పొడి ఉందో, మనిషిలో ఎంత ఉందో తెలుస్తుంది. తేడాని గ్రెయిన్ నోడ్‌తో పూడ్చండి.

కెమెరా కదిలితే ట్రాకర్ (బొమ్మలో ఒక చుక్క కదలికని పట్టుకునే టూల్). అలల మీద పాయింట్ పెట్టొద్దు, అవి ఏ ఫ్రేములోనూ ఒకేలా ఉండవు. బీచ్ ప్లేట్‌లో కురుసుర సబ్‌మెరైన్ కనిపిస్తుంటే దాని పైభాగం మూలలు భేషైనవి, లేదా దీపస్తంభం. ఫోన్ స్క్రీన్లు, హోర్డింగులు మార్చడానికి చదునైన తలాన్ని పట్టే ప్లానార్ ట్రాకర్ చక్కగా పట్టుకుంటుంది. ముందు రిఫరెన్స్ ఫ్రేమ్ సెట్ చేయాలి, ఎదుట వేళ్లు అడ్డొచ్చేచోట మాస్క్ ఇవ్వాలి. ఫోన్ ఫైళ్లలో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు, దాంతో ట్రాక్ జారుతుంది. ముందే స్థిరమైన 25 లేదా 24కి మార్చి డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లో పెట్టుకోండి.

ఇక తిట్లు. ఫ్యూజన్ పేజీకి ర్యామ్ ఆకలి ఎక్కువ. 16 జీబీలో హెచ్‌డీ షాట్ ఒకటి గడుస్తుంది, 4కే అయితే 32 ఉంటేనే మెషిన్ దగ్గర కూర్చోవాలి. ప్రిఫరెన్సెస్‌లో మెమరీ అండ్ జీపీయూ దగ్గర ఫ్యూజన్ క్యాష్ హద్దు తగ్గించి పెట్టకపోతే పక్క పేజీలన్నీ నత్తనడక నడుస్తాయి. షాట్ అయ్యాక క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి రెండర్ క్యాష్ ఫ్యూజన్ అవుట్‌పుట్ పెట్టుకుంటే టైమ్‌లైన్ కదులుతుంది. లైవ్ సేవ్, ప్రాజెక్ట్ బ్యాకప్ రెండూ ఆన్‌లో ఉంచండి, క్రాష్‌కి చెప్పి రావడం తెలియదు.

ఉచిత వెర్షన్ హద్దులు సూటిగానే ఉన్నాయి. 3840×2160 దాటి బయటికి రాదు. నాయిస్ తీసే టూల్, మ్యాజిక్ మాస్క్ (మనిషిని దానంతటదే వేరుచేసేది), కెమెరా ట్రాకర్ (కెమెరా కదలికని 3డీలో తేల్చేది) మూడూ స్టూడియో అనే డబ్బు కట్టే వెర్షన్‌లోనే. లైనక్స్‌లో ఉచిత వెర్షన్ హెచ్.264 ఫైళ్లే తెరవదు. ఆ మూడిట్లో పెళ్లి పనికి నిజంగా లోటనిపించేది నాయిస్ టూల్ ఒక్కటే, రాత్రి బారాత్ షాట్ల వల్ల. మ్యాజిక్ మాస్క్ చేసేది పాలిగన్‌తో చేతిపని చేసినా అవుతుంది, ఓపికే ఖర్చు.

పక్క కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్లలో న్యూక్ నాన్ కమర్షియల్ నేర్చుకోవడానికి బంగారం, కానీ హెచ్‌డీ దాటి ఇవ్వదు, డబ్బు తీసుకునే పనికి వాడకూడదు. బ్లెండర్ కంపోజిటర్‌కి ఆ బాధ లేదు, 3డీ చేసేవాళ్లకి అదే దగ్గర. నాట్రాన్ ఇప్పుడు పట్టుకుని కూర్చోవాల్సినంత కాదు.

స్టూడియో కొనాలంటే 295 డాలర్లు, ఒక్కసారే, ఒక యాక్టివేషన్ కీతో రెండు మెషిన్లు నడుస్తాయి. కొన్ని బ్లాక్‌మ్యాజిక్ కెమెరాల డబ్బాలో ఆ కీ ఉన్న కార్డు కూడా వస్తుంది. సెకండ్ హ్యాండ్ కెమెరా బేరమాడేటప్పుడు కార్డు ఉందా అని అడిగి ఊరుకోకండి, దాని మీది నంబర్ ఇంతకుముందే వాడేశారేమో, మీ ల్యాప్‌టాప్‌లో అక్కడికక్కడే యాక్టివేట్ చేసి చూశాకే డబ్బులివ్వండి.