పోత షెడ్డు మీద రేకుల కప్పు: ఆరు వానాకాలాలు వాడాక

పెరట్లో అల్యూమినియం, ఇత్తడి కరిగించి పోత పోసే 12 × 16 అడుగుల షెడ్డు ఇది. పైన 0.5 మి.మీ. రంగు రేకులు, కింద చదరపు ఇనుప పైపుల ఫ్రేము. జల్లు కొట్టే వైపు మాత్రమే అడ్డురేకు ఉంది, మిగతా మూడు వైపులా తెరిచే ఉంటుంది. ఆరు వానాకాలాల్లో వాననైతే ఈ కప్పు బాగానే ఆపింది. కానీ పోత షెడ్డులో కప్పు పని అంతటితో అయిపోదు. చినుకు పడని రోజున కూడా తెల్లవారుజామున రేకు అడుగున చెమ్మ పడుతుంది. ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. కట్టేటప్పుడే దాని సంగతి చూసుకోకపోతే తర్వాత సందులు మూసే సీలెంటు ఎంత పూసినా ఉపయోగం ఉండదు.

ఎందుకంటే నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. ఒక చుక్క 0.05 మి.లీ. అనుకుంటే దాని ఆవిరి 80 మి.లీ. పైమాటే. మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో, కరిగిన లోహం పైన పడిన చుక్క చాలాసార్లు చిటపటమని ఎగిరిపోతుంది. లోహం కింద చిక్కుకున్న నీరు అలా పోదు, పేలుతుంది. అందుకే రాత్రంతా తెరిచి ఉంచిన అచ్చులో పడిన చుక్క, మూసలో వేయబోయే దిమ్మ మీద పట్టిన తేమ, మడ్డి తీసే గరిటెకు అంటిన తడి, ఇవే ఎక్కువ ప్రమాదం. కప్పు బాగుందా లేదా అనేది పైనుంచి నీళ్లు పోసి తేల్చే విషయం కాదు. తెల్లారగానే నేల మీద పరిచిన పొడి ఇసుకను చూస్తే తెలిసిపోతుంది. పర్లిన్ పైపు (రేకులను మోసే అడ్డ పైపు) ఎక్కడుందో సరిగ్గా దాని కిందే, జానెడుకొకటి చొప్పున, చిన్న గుంటలు వరసగా కనిపిస్తాయి. రేకు అడుగున వాలు వెంట జారుతూ వచ్చిన చెమ్మ పైపు తగలగానే ఆగి, అక్కడి నుంచి కిందికి రాలిందన్నమాట.

వాలు విషయంలో రాజీ వద్దు. 10 డిగ్రీల వాలు వాన నీటికి చాలు గానీ చెమ్మకు చాలదు. చుక్క జారేలోపే బరువెక్కి రాలిపోతుంది. ఈ షెడ్డుకు రెండు వైపులా 20 డిగ్రీల వాలు ఇచ్చాం. స్తంభాల తల 9 అడుగుల ఎత్తులో ఉంటే కొప్పు (రెండు వాలులు పైన కలిసే చోటు) దానికన్నా 2 అడుగుల 2 అంగుళాలు పైన ఉంటుంది. చూరు 2 అడుగులు బయటికి వచ్చి, కొప్పు దగ్గర ఒక్కో వైపు 6 అంగుళాలు ఖాళీ వదిలితే, లెక్క సరిగ్గా 8 అడుగుల రేకుకు సరిపోతుంది. వైపుకు ఆరు చొప్పున మొత్తం పన్నెండు రేకులు. మధ్యలో అతుకు లేకపోవడం ఈ కొలతతో వచ్చిన పెద్ద లాభం. పొడవు మీద అతుకు వేస్తే 150 మి.మీ. ఒకదానిపై ఒకటి ఎక్కించాలి, ఆ సందులో తేమ ఆరదు, తుప్పు మొదలయ్యేది అక్కడే.

కొప్పు దగ్గర వదిలిన ఖాళీ వేడి బయటికి పోవడానికి. దాని మీద 3 అడుగుల వెడల్పు కొప్పు రేకును 8 అంగుళాలు పైకి లేపి బిగించాం. వేడి, పొగ, ఇత్తడి నుంచి లేచే తెల్లటి జింకు పొగ అన్నీ అటే పోతాయి. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. ఇత్తడి కరిగే వేడి కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది కాబట్టి ఆ పొగ తప్పదు, పీలిస్తే ఆ రాత్రికి జ్వరం, వణుకు. ఈ ఏర్పాటులో ఒకటే లోపం: గాలివానలో జల్లు ఆ సందులోంచి లోపలికి వస్తుంది. ప్రధాన రేకుల పై అంచును పట్టకారుతో 40 మి.మీ. పైకి మడిస్తే చాలావరకు ఆగుతుంది, పూర్తిగా ఆగదు. అందుకే కొలిమిని కొప్పు కింద పెట్టకూడదు. పొగ నేరుగా పైకి పోతుందని చాలామంది సరిగ్గా అక్కడే పెడతారు. కొప్పు గీత నుంచి 3 అడుగులు పక్కకు జరిపినా వేడిగాలి వాలు వెంట పాకి కొప్పుకే చేరుతుంది, చుక్క మాత్రం మూసలో పడదు. అచ్చుల బల్లకూ ఇదే నియమం. పైగా ఏ పర్లిన్ కిందా అచ్చు ఉండకుండా బల్లను సర్దుకోవాలి. పోత పోసేదాకా అచ్చు నోటి మీద రేకు ముక్క కప్పి ఉంచాలి.

కొలిమికి పైనున్న రేకు మొదటి ఏడాదే పసుపు రంగుకు తిరిగి, తర్వాత అడుగు రంగు పొలుసులుగా రాలడం మొదలెట్టింది. కొలిమి మూత నుంచి రేకుకు 7 అడుగులకు పైగా ఎత్తున్నా ఈ పరిస్థితి. 4 × 4 అడుగుల రంగు లేని రేకును 4 అంగుళాల కింద నాలుగు ఇనుప కడ్డీలతో వేలాడదీశాక ఆగిపోయింది. రెండు రేకుల మధ్య గాలి ఆడాలి. ఆ సందును దేనితోనూ నింపొద్దు. చెమ్మ పట్టకుండా రేకు అడుగున అంటించే మెత్తటి పొర, బుడగల ప్లాస్టిక్ రేకు, రెండూ కాలే సరుకులే. వాటికి ఈ షెడ్డులో చోటు లేదు. చెమ్మ మరీ ఎక్కువుంటే రాతి ఉన్ని (రాయి నుంచి తీసిన, కాలని పీచు) పలకలు వాడొచ్చు, అదీ కొలిమికి దూరంగా అచ్చుల వైపు మాత్రమే.

వెలుతురు కోసం పాలికార్బొనేట్ షీటు వేయాలన్న ఆలోచన మానుకోవడమే మేలు. 150 డిగ్రీల దగ్గరే అది మెత్తబడుతుంది. నిజానికి పోతకు నీడే కావాలి. ఎండలో ఎర్రగా కాలిన మూస కూడా చల్లటిదానిలా కనబడుతుంది, నీడలో దాని రంగు ఉన్నదున్నట్టు తెలుస్తుంది. కప్పు వేశాక పనిలో వచ్చిన మంచి మార్పుల్లో దీన్నే ముందు చెప్పాలి. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు తక్కువలో వస్తాయని కొందరు వాటివైపు చూస్తారు. కోసినప్పుడు, తొలిచినప్పుడు వచ్చే ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. వాటిని అసలు తేవద్దు.

గాలి లెక్క చాలామంది వేయరు. సెకనుకు 40 మీటర్ల గాలికి చదరపు మీటరు మీద దాదాపు 100 కిలోల ఒత్తిడి ఉంటుంది. కొప్పుతో కలిపి 27 చదరపు మీటర్ల కప్పు ఇది, అంటే 2,700 కిలోలు పైకి లాగగలదు. రేకులు, ఫ్రేము కలిపినా 450 కిలోలు దాటవు. అందుకని పునాది బరువు మోయడానికి కాదు, కప్పును పట్టి ఉంచడానికి. అర మీటరు చదరం, 700 మి.మీ. లోతు గుంతలో కాంక్రీటు పోస్తే ఒక్కోటి 420 కిలోలు, ఆరు స్తంభాలకు 2,500 కిలోలు. దానికి ఫ్రేము బరువు కలిస్తే సరిపోతుంది. స్తంభాలు 75 × 75 × 3 మి.మీ., వాసాలు 60 × 40 × 3, పర్లిన్లు 40 × 40 × 2, వాలుకు నాలుగు వరసలు. పైపుల చివరలు తప్పకుండా మూసి వెల్డింగ్ చేయాలి, లేకపోతే నీరు దిగి లోపలి నుంచే తినేస్తుంది. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు అయితే వెల్డింగ్ పడే చోట 50 మి.మీ. మేర జింకును గ్రైండ్ చేసి తీయాలి, అతుకు చల్లారాక జింకు రంగు రెండు పూతలు వేయాలి.

స్క్రూలు 55 మి.మీ. సెల్ఫ్ డ్రిల్లింగ్‌వి (తామే రంధ్రం చేసుకుని దిగేవి), రేకు ముడతలో పైకి లేచిన గట్టు మీద వేశాం. 260 దాకా పట్టాయి. రబ్బరు వాషర్ కొద్దిగా ఉబ్బి, అంచు ఇనుప బిళ్ల బయటికి సన్నగా కనిపించగానే ఆపాలి. ఇంకా తిప్పితే గట్టు సొట్టపడి చుట్టూ నీరు నిలుస్తుంది. 40 డిగ్రీల తేడాకు 8 అడుగుల రేకు 1.2 మి.మీ. సాగుతుంది. మామూలుగా అది లెక్కలోకి రాదు, కానీ కొలిమి పైన ప్రతి పోతకూ సాగి ముడుచుకోవడంతో అక్కడి స్క్రూల రబ్బరు మూడో ఏటికే గట్టిపడి పగిలింది. ఆ ఇరవై స్క్రూలు మార్చాల్సి వచ్చింది, మిగతావి ఇప్పటికీ బాగున్నాయి. సీలెంటు కొనేటప్పుడు పుల్లటి వాసన వచ్చే రకం వద్దు, అది జింకు పూతను తింటుంది. స్క్రూలు వేశాక రాలిన ఇనుప రజను ఆ పూటే ఊడ్చేయాలి. మర్నాటికి ఒక్కో రవ్వ చుట్టూ తుప్పు మరక వస్తుంది.

గ్యాస్ కొలిమి అయితే అడ్డురేకును నేల దాకా దించకూడదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కారితే నేల మీదే నిలుస్తుంది. కింద అడుగు ఖాళీ వదిలాం. ఆ ఖాళీలోంచి చూరునీళ్లు లోపలికి చిందకుండా నేలను బయటి మట్టం కన్నా 6 అంగుళాలు ఎత్తు చేయాలి. పోత పోసే చోట కాంక్రీటు మీద 3 అంగుళాల పొడి ఇసుక ఉండాలి, ఒలికిన లోహం నేరుగా తగిలితే కాంక్రీటులోని తేమకు అది పెళ్లలుగా లేచి ఎగురుతుంది.

మళ్లీ కడితే రెండు మార్పులు చేస్తాను. కొలిమి పైనున్న రెండు రేకులకు రంగు బదులు 55 శాతం అల్యూమినియం, మిగతా చాలావరకు జింకు ఉన్న పూత రేకులు వాడతాను, రాలడానికి రంగే ఉండదు. పోత బల్ల వైపు పర్లిన్లను రేకుకు ఆనించకుండా, గట్టు దగ్గర 5 మి.మీ. ఇనుప బిళ్లలు పెట్టి లేపుతాను. ఒక మూల నాలుగు రేకులకు అలా చేసి చూశాం. చెమ్మ పైపు దగ్గర ఆగకుండా చూరు దాకా జారిపోతోంది, అక్కడ ఇసుకలో గుంటలు పడటం లేదు.