బెజవాడలో రెండు రోజులు, ఒక పాత సీఆర్వో

రాజమండ్రిలో మా మేడ మీద గదిలో ఒక బల్ల ఉంది. పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసుకోవడం నా సరదా. ఇన్నాళ్లూ ఆ బల్ల మీద ఉన్నవి సోల్డరింగ్ ఐరన్, చేతి మల్టీమీటరు, సీరీస్ బోర్డు (కరెంటు దారిలో ఒక బల్బు అడ్డంగా ఉండే ప్లగ్గు బోర్డు), అంతే. సీఆర్వో (కరెంటు తరంగాన్ని తెర మీద గీతగా చూపించే పరికరం, స్కోపు అన్నా ఇదే) లేని లోటు నిరుడు ఒక ఆంప్లిఫయరు దగ్గర బాగా తెలిసొచ్చింది. వోల్టేజీలన్నీ సరిగ్గానే ఉన్నాయి, పాట మాత్రం గరగర. లోపల ఏదో ఆసిలేట్ అవుతోందని, అంటే దానంతటదే తరంగాలు పుట్టిస్తోందని అనుమానమే తప్ప, కళ్లతో చూసే దారి లేదు.

కొత్త డిజిటల్ స్కోపు కొనడానికి మనసొప్పలేదు. ఆన్‌లైన్లో పాతది కొందామంటే, ఫొటోలో వెలిగిన గీత ఇంటికొచ్చాక కూడా వెలుగుతుందన్న నమ్మకం లేదు. ఈబే ఇండియా 2018లోనే మూతపడింది. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ ఉంది గానీ అక్కడ మనం ఎక్కువగా వెళ్లేది విడిభాగాల కోసం, పైగా రాత్రంతా ప్రయాణం. బెజవాడకైతే మధ్యాహ్నం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సాయంత్రానికి దిగిపోవచ్చు. రోహిణి కార్తెలో బెజవాడ ఏమిటని మా ఆవిడ అననే అంది. వినలేదు.

సంచిలో పెట్టుకున్నవి చెప్తాను, నా డబ్బు మిగిలిందంటే వీటి వల్లే. చిన్న మల్టీమీటరు, ఏడీ584 చిప్పున్న రిఫరెన్స్ బోర్డు (కచ్చితంగా 2.5, 5, 7.5, 10 వోల్టులు ఇస్తుంది), విలువలో ఒక శాతానికి మించి తేడా లేని రెసిస్టర్లు నాలుగు, మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్, స్క్రూడ్రైవర్లు, ఒక పాత బొంత. బొంత ఎందుకో తర్వాత చెప్తాను.

మొదటి రాత్రి గాంధీనగర్లో, స్టేషన్‌కి నడిచే దూరంలో ఒక లాడ్జిలో దిగాను. 1100 రూపాయలు. పక్క శుభ్రంగా ఉంది, నీళ్లు వస్తున్నాయి. మామూలు ప్రయాణానికి ఇంతకన్నా అడగక్కర్లేదు. దాని అసలు సంగతి మర్నాడు సాయంత్రం గానీ బయటపడలేదు.

పొద్దున్నే బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని, ఎనిమిదిన్నరకే ఆటోనగర్ చేరుకున్నాను. అది తొందరపాటే. నేను వెళ్లిన వరసలో పాత సామాన్ల కొట్లు తెరిచేసరికి పదిన్నర దాటింది. ఆటోనగర్ అంటే లారీలు, బాడీ బిల్డింగు, ఇంజన్లు, గేర్‌బాక్సులు. ఎలక్ట్రానిక్ సామాను కోసం ఎవరూ ఇక్కడికి రారు. కానీ ఫ్యాక్టరీల్లో తీసేసిన ప్యానెళ్లు, మీటర్లు పాత ఇనుముతో కలిసి తూకానికి వస్తుంటాయి, ఆ కుప్పల్లో ఒక్కోసారి మన వస్తువు కూడా ఉంటుంది. దొరుకుతుందన్న హామీ లేదు. నేను తిరిగిన పది పన్నెండు కొట్లలో పనికొచ్చే సరుకు కనిపించింది రెండింట్లోనే.

మొదటి కొట్లో ఒక సీఆర్వో ఉంది. ముందు గాజు మీద దుమ్ము, రెండు నాబులు లేవు. "పదిహేను వందలు సార్, అడిగి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు" అన్నాడు. ఒక్కసారి ఆన్ చేసి చూస్తానన్నాను. "ఇక్కడ ప్లగ్గు లేదు. తీసుకెళ్లి చూసుకోండి. రిటర్న్ మాత్రం లేదు." నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

రెండో కొట్టు కుర్రాడు నయం. అతని దగ్గర ఆప్లాబ్ వారి పాత పవర్ సప్లై ఉంది, 30 వోల్టులు, 2 ఆంపియర్లు, రెండు అవుట్‌పుట్‌లు. ఠాణేలో తయారైన ఈ కంపెనీ సామాను మన కాలేజీ ల్యాబుల్లో చదివినవాళ్లకు కొత్త కాదు. రెండువేల అయిదు వందలు చెప్పాడు. "చూసుకోండన్నా, ప్లగ్గు అక్కడుంది" అని తనే చూపించాడు.

పవర్ సప్లైని లోడ్ లేకుండా, అంటే దానికి ఏమీ తగిలించకుండా చూస్తే ఏమీ తెలియదు, మీటరు ముల్లు అందంగా పన్నెండు మీద నిలబడుతుంది. ఉన్నది ఆటోనగర్ కదా, పక్క కొట్లో బండి వెనక ఇండికేటర్ బల్బు ఒకటి కొన్నాను. 12 వోల్టులు, 21 వాట్లు. అంటే ఒకటిముప్పావు ఆంపియరు లాగుతుంది, 2 ఆంపియర్ల సప్లైకి సరైన పరీక్ష. మొదటి అవుట్‌పుట్ దగ్గర బల్బు వెలిగినా 12 కదల్లేదు. రెండోది 9కి జారింది, ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది, ఏసీ ఉండకూడని ఆ చోట మల్టీమీటరు ఏసీ రేంజిలో పెడితే అర వోల్టు పైనే చూపించింది. లోపల పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయిందన్నమాట. ఆ కెపాసిటర్ ఖరీదు రెండొందల లోపే, మార్చడానికి అరగంట చాలు. ఆ సంగతి కుర్రాడికి చెప్పలేదు, ఒకవైపు పనిచెయ్యడం లేదని మాత్రం చూపించాను. పద్నాలుగు వందలకి ఇచ్చాడు. ఇది న్యాయమా అంటే, అతను తూకానికి కొన్నది ఎంతకో నాకూ చెప్పలేదు కదా.

అదే కొట్లో నాలుగున్నర అంకెల (సన్నటి తేడాలు కూడా చూపించే) బల్ల మల్టీమీటరు కూడా ఆరొందలకే ఉంది. ఆశ పుట్టింది. రిఫరెన్స్ బోర్డు పెట్టి చూస్తే 10 వోల్టులకు 9.87, 5 వోల్టులకు 4.93. రెండు చోట్లా తేడా దాదాపు ఒకే శాతంలో ఉంటే, చాలాసార్లు లోపలి ప్రీసెట్ (సరిచేసే చిన్న స్క్రూ) తిప్పితే సరిపోతుంది. ఒక్కో చోట ఒక్కోలా ఉంటే జబ్బు పెద్దది. అక్కడిదాకా సంతోషమే. కరెంటు రేంజి మాత్రం పనిచెయ్యలేదు. వెనక ఫ్యూజు మూత తీస్తే, ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి ఉంది, లోపలినుంచి కాలిన వాసన. ఎవరో ఆంపియర్ల రేంజిలో పెట్టి గోడ ప్లగ్గులో కరెంటు కొలిచి ఉంటారు. వదిలేశాను. తీగ చుట్టిన మీటరు బల్ల మీద ఉండకూడదు.

మధ్యాహ్నం ఎండ దెబ్బకి ఆటోవాడు కూడా కదలనన్నాడు. ఎలాగో లాడ్జి చేరి, సాయంత్రం సప్లైని మళ్లీ ఆన్ చేసి రేకు పెట్టె మీద వేలి వెనకభాగం ఆనిస్తే సన్నగా జిల్లుమంది. మల్టీమీటరు పెట్టి చూశాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 228. ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఏమీ లేదు. గోడలో మూడో కన్నం ఉంది గానీ దాని వెనక తీగ లేదు. కిందికి వెళ్లి చెప్తే, "సార్, సెల్లు చార్జింగ్ అవుతోందిగా?" అన్నారు మేనేజరు గారు. మెటల్ బాడీ పరికరాలతో తిరిగేవాళ్లకి ఆ లాడ్జి పనికిరాదు, మిగతావాళ్లు నిక్షేపంగా ఉండొచ్చు. రాత్రి ఎనిమిదింటికి గవర్నర్‌పేటలో ఇంకో చోటికి మారాను. 1500 రూపాయలు, కానీ లిఫ్టు ఉంది, బల్ల ఉంది, ఎర్త్ ఉంది. రెండు చోట్లా అద్దె కట్టడం నా స్వయంకృతం, దిగేముందే సాకెట్ చూసుకోవాల్సింది.

రెండో రోజు అసలు పని జరిగింది. ఏలూరు రోడ్డులో విడిభాగాలు అమ్మే కొట్లో ఫిల్టర్ కెపాసిటర్ కొంటూ పాత సీఆర్వో గురించి అడిగితే, రెండు సందుల అవతల మేడ మీద ఒక పెద్దాయన ఉన్నారని చెప్పారు. డెబ్భై దాటి ఉంటాయి. కాలేజీల ల్యాబ్ సామాను రిపేరు చేసి ఇవ్వడం ఆయన వృత్తి. గదిలో కాలు పెట్టే చోటు లేదు.

"గురువుగారూ, ఒక సీఆర్వో కావాలి, ఇంట్లో వాడుకోవడానికి."

"ఏం చేస్తావు బాబూ దాంతో?"

ఆంప్లిఫయరు కథ చెప్పాను. టీ తెప్పించారు. కాలేజీలు సామాను తీసేసేటప్పుడు ఒక్కొక్కటిగా అమ్మవట. ఇరవై ముప్ఫై కలిపి ఒక లాట్, సీల్డ్ టెండరు. అందులో సగం లోపల ఖాళీ పెట్టెలే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో ల్యాబ్ పరికరాలనూ చేర్చాక, కొన్ని కాలేజీలు రిజిస్టరైన రీసైక్లర్లకే ఇచ్చేస్తున్నాయట. మన చేతికొచ్చేది అందుకే తగ్గిందన్నారు.

ఆయన చూపించింది ఇండోర్ సైంటిఫిక్ వాళ్ల హెచ్ఎం 203. జర్మనీ హామెగ్ డిజైను, రెండు చానళ్లు, 20 మెగాహెర్ట్జ్. పాతికేళ్ల కిందట మా ల్యాబులో నేను తిప్పిన నాబులే అవి. ఆడియో పనికీ, రేడియో ఐఎఫ్ (రేడియో లోపలి మధ్యస్థ ఫ్రీక్వెన్సీ) పనికీ 20 ధారాళంగా సరిపోతుంది.

నేను అడగకముందే ఆయన సీరీస్ బోర్డులో పెట్టారు. చాలాకాలం మూలన పడున్న దాన్ని నేరుగా కరెంటుకి తగిలించకూడదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే నయం, అలాగే భగ్గున వెలుగుతూ ఉంటే లోపల షార్ట్. మందగించింది. తర్వాత నేరుగా ప్లగ్గులో పెడితే అరనిమిషానికి ఆకుపచ్చ గీత వచ్చింది. ఫోకస్ పదునుగానే ఉంది. తెర మధ్యలో మాత్రం అడ్డంగా సన్నటి మచ్చ, ఎన్నో ఏళ్లు పిల్లలు గీతను అక్కడే వదిలేసి క్యాంటీన్‌కి వెళ్లిన గుర్తు. ఒక చానల్ వోల్ట్స్ నాబు తిప్పుతుంటే గీత ఎగిరిపడింది. కాంటాక్ట్ క్లీనరు కొడితే తగ్గింది. ప్రోబును (కొలిచే తీగను) ముందున్న, సరిచూసుకోవడానికి ఉండే క్యాలిబ్రేషన్ పిన్నుకి తగిలిస్తే చదరపు తరంగం నీటుగా వచ్చింది. విడిభాగాలు పరీక్షించే కాంపొనెంట్ టెస్టరు కూడా పనిచేస్తోంది. ఒక చిన్న కెపాసిటర్ పెడితే గుడ్డు ఆకారం, డయోడ్ పెడితే మోచెయ్యి మడిచినట్టు గీత.

లోపల చూడాలని మూత తీశాను. "ఒక చెయ్యి వెనక్కి పెట్టుకో బాబూ" అన్నారు వెంటనే. పిక్చర్ ట్యూబు దగ్గర రెండు వేల వోల్టుల దాకా ఉంటుంది. నాకు తెలుసు. అయినా రెండు చేతులూ పెట్టబోయాను.

అయిదున్నర వేలు అన్నారు. మచ్చ చూపించి నాలుగు అన్నాను. రెండు ప్రోబులతో కలిపి నాలుగున్నర వేల దగ్గర తెగింది. ఒక ప్రోబు కొక్కెం విరిగి ఉంది.

బల్ల మీద పాత ఆర్ఎఫ్ సిగ్నల్ జనరేటరు (రేడియో తరంగాలు పుట్టించే పరికరం) కూడా ఉంది. దాని డయలు సరిగ్గా ఉందా అని అడిగితే రేడియో తీసి మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ కేంద్రం పెట్టారు. జనరేటరు నాబు మెల్లగా తిప్పుతుంటే రేడియోలో సన్నటి ఈల మొదలై, బొంగురుపోయి, మాయమైంది. ఈల మాయమైందంటే రెండు ఫ్రీక్వెన్సీలూ కలిసినట్టు. డయలు 840 దగ్గర ఉంది. "మూడు తేడా, ముసల్దానికి అది చాలు." దాన్నీ ఇమ్మన్నాను. నేనుండగా అమ్మను అన్నారు.

గుంటూరు కూడా ఒక పూట చూద్దామనుకున్నాను గానీ ఆ ఎండలో ఓపిక లేకపోయింది. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల దగ్గర ఒక ట్రాన్సిస్టర్ డేటా పుస్తకం డెబ్భైకి దొరికింది, అది లాభం.

సప్లై బరువంతా ట్రాన్స్‌ఫార్మరే, దెబ్బలకి ఓర్చుకుంటుంది. దాన్ని అట్టపెట్టెలో కట్టి నెహ్రూ బస్‌స్టేషన్లో ఆర్టీసీ కార్గోలో వేశాను, మర్నాడు సాయంత్రానికి రాజమండ్రిలో చేతికొచ్చింది. సీఆర్వో గాజు సామాను, దాన్ని ఇంకొకరికి అప్పగించలేదు. బొంత దానికోసమే. పొద్దున ఆరింటి ప్రాంతంలో రత్నాచల్‌లో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్క సీటాయన, "పాత టీవీయా అండీ? ఇంకా వస్తోందా?" అని అడిగారు. వస్తోందన్నాను.

ఇంట్లో లెక్క రాస్తే సీఆర్వోకి, సప్లైకి కలిపి 5900, దాని మీద రెండు లాడ్జిలు, ఆటోలు, తిండి, టిక్కెట్లు, పార్సిల్. పదివేలు దాటింది. మా ఆవిడ ఆ కాగితం చూసి, "కొత్తదానికి ఇంకెంత అవుతుంది?" అంది. జవాబు చెప్పకుండా మేడెక్కాను. ప్రయాణం ఖర్చు కలిపితే ఇది పెద్ద చౌక బేరం కాదు, నిజమే. బెజవాడలోనే ఉండేవాళ్లకి, లేదా వేరే పని మీద వచ్చి ఒక పూట కేటాయించేవాళ్లకి మాత్రం బేరమే.

బల్ల మీద పెట్టి ఆన్ చేస్తే గీత కాస్త వాలుగా వచ్చింది. దారిలో దెబ్బ తగిలిందేమోనని గుండె ఆగింది. తర్వాత గుర్తొచ్చింది, పెద్దాయన గదిలో అది తూర్పు ముఖంగా ఉంది, ఇక్కడ ఉత్తర ముఖంగా పెట్టాను. భూమి అయస్కాంత క్షేత్రానికి కూడా గీత ఆ మాత్రం వంగుతుంది. ముందున్న ట్రేస్ రొటేషన్ కన్నంలో చిన్న స్క్రూడ్రైవరు పెట్టి పావు చుట్టు తిప్పాను. గీత తిన్నగా పడుకుంది. ఆంప్లిఫయరు మూత తీశాను.