పాత టామ్‌క్యాట్ అప్లికేషన్‌కి ఏది మేలు: ఈసీఎస్ ఫార్‌గేటా, ఈకేఎస్సా?

ఆఫీసు సర్వర్ రూములో ఏళ్లుగా టామ్‌క్యాట్ (జావా వెబ్ సర్వర్) మీద నడుస్తున్న జావా అప్లికేషన్‌ని ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) కంటైనర్లలోకి మార్చాలంటే ఈసీఎస్ తీసుకోవాలా, ఈకేఎస్ తీసుకోవాలా అని చాలామంది అడుగుతున్నారు. ఈసీఎస్ అంటే కంటైనర్లు నడిపే అమెజాన్ సొంత సర్వీసు, ఫార్‌గేట్ అంటే అందులో సర్వర్లని మనం చూసుకోనక్కర్లేని పద్ధతి. ఈకేఎస్ అంటే కుబర్నెటిస్‌ని (కంటైనర్లని నడిపే ఓపెన్ సోర్స్ సిస్టమ్) అమెజాన్ క్లౌడ్‌లో ఇచ్చే సర్వీసు. డాకర్ ఇమేజ్ (అప్లికేషన్‌ని ప్యాక్ చేసిన కట్ట) రెండింటికీ ఒకటే. ముందు పెట్టే లోడ్ బ్యాలెన్సర్ కూడా అదే. రెండు కంటైనర్లతో సరిపోయే అప్లికేషన్‌కి స్కేలింగ్ గురించి వాదించుకోవడం దండగ. తేల్చుకోవాల్సింది ఒక్కటే: రెండేళ్ల తర్వాత అప్‌గ్రేడ్లు ఎవరు చేస్తారు?

ఈకేఎస్‌లో ఒక్కో కుబర్నెటిస్ వెర్షన్‌కి మామూలు సపోర్టు 14 నెలలు. ఆపైన ఇంకో 12 నెలలు సాగదీయొచ్చు గానీ, క్లస్టర్ చార్జీ గంటకి 0.10 డాలర్ల నుంచి 0.60కి ఎగబాకుతుంది. అంటే నెలకి 73 డాలర్లు కాస్తా 438. ఆ గడువూ దాటితే మీరు సిద్ధంగా ఉన్నా లేకున్నా వాళ్లే అప్‌గ్రేడ్ చేసేస్తారు. వెర్షన్లు దూకడం కుదరదు, ఒక్కో మెట్టే ఎక్కాలి. ముందు కంట్రోల్ ప్లేన్ (క్లస్టర్‌ని నడిపించే భాగం), తర్వాత వీపీసీ సీఎన్ఐ, కోర్‌డీఎన్ఎస్ లాంటి నెట్‌వర్క్ యాడ్ఆన్లు, నోడ్లు (కంటైనర్లు నడిచే సర్వర్లు). దారిలో పాత ఏపీఐలు పోతుంటాయి: 1.22లో ఇన్‌గ్రెస్ బీటా, 1.25లో పాడ్ సెక్యూరిటీ పాలసీ అలాగే పోయాయి.

పాత అప్లికేషన్లకి ఇక్కడే అసలు చిక్కు. సెషన్లు టామ్‌క్యాట్ మెమరీలో ఉంటాయి కాబట్టి రెప్లికా (అప్లికేషన్ కాపీ) ఒక్కటే పెడతారు. అది ఆగకూడదని పీడీబీలో (కనీసం ఎన్ని కాపీలు నడుస్తుండాలో చెప్పే కుబర్నెటిస్ నియమం) మినిమమ్ అవైలబుల్ 1 అని రాస్తారు. నోడ్ గ్రూప్ అప్‌గ్రేడ్ మొదలవగానే ఆ పాడ్‌ని (కంటైనర్ నడిచే యూనిట్) కదపడానికి పీడీబీ ఒప్పుకోదు. డ్రెయిన్ (నోడ్‌ని ఖాళీ చేసే పని) వేలాడి వేలాడి, పాడ్ ఎవిక్షన్ ఫెయిల్యూర్ అని చేతులెత్తేస్తుంది. ఫోర్స్ చేస్తే లాగిన్‌లో ఉన్నవాళ్లంతా బయటికి. సెషన్లని రెడిస్‌లోకి (టామ్‌క్యాట్ బయట విడిగా ఉండే డేటా స్టోర్) మార్చి రెప్లికాలు రెండు పెట్టడమే దీనికి మందు.

ఫార్‌గేట్‌లో కంట్రోల్ ప్లేన్‌కి చార్జీ లేదు, చూసుకోవడానికి నోడ్లూ లేవు. ప్యాచింగ్ కోసం ఏడబ్ల్యూఎస్ నోటీసిచ్చి పాత టాస్కుల్ని (ఈసీఎస్‌లో నడిచే కంటైనర్లు) మారుస్తుంది కాబట్టి రెడిస్ పని మాత్రం ఇక్కడా తప్పదు. మెమరీ దగ్గర జాగ్రత్త. 4 జీబీ టాస్కులో హీప్ (జావా ప్రధాన మెమరీ) కూడా 4 జీబీ ఇస్తే హీప్ బయట ఉండే మెటాస్పేస్‌కీ థ్రెడ్లకీ చోటుండదు, కంటైనర్ 137 కోడ్‌తో చస్తుంది. ఏమీ చెప్పకపోతే జావా నాలుగో వంతే, అంటే 1 జీబీయే, తీసుకుంటుంది. హీప్ వాటా చెప్పే జావా సెట్టింగు మ్యాక్స్ ర్యామ్ పర్సంటేజ్‌ని 70 దగ్గర మొదలెట్టండి. 8యూ191 (జావా 8, అప్‌డేట్ 191) కంటే పాత జావా అయితే కంటైనర్ పరిమితిని తనంతట తాను చూడదు, ముందు దాన్ని మార్చండి. టాస్కుని ఆపేటప్పుడు దొరికే గడువు 30 సెకన్లు, గరిష్ఠంగా 120. స్టార్టప్ స్క్రిప్టులో ఎగ్జెక్ కమాండ్ లేకపోతే ఆపమనే సిగ్నల్ షెల్ దగ్గరే ఆగిపోతుంది, టామ్‌క్యాట్‌కి చేరదు. అప్‌లోడ్ ఫైళ్లు అమెజాన్ స్టోరేజీ సర్వీసులైన ఎస్3కో ఈఎఫ్ఎస్‌కో వెళ్లాలి. టాస్కు పోతే లోపలి డిస్కూ పోతుంది. టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా అని పెట్టకపోతే రిపోర్టుల్లో టైమ్ ఐదున్నర గంటలు వెనక పడుతుంది.

ఒకటో రెండో అప్లికేషన్లుండి, కుబర్నెటిస్ కోసమే ఒక మనిషి లేకపోతే ఫార్‌గేటే తీసుకోండి. సొంత డేటా సెంటర్లో ఇప్పటికే కుబర్నెటిస్ నడుస్తున్నా, కొన్న సాఫ్ట్‌వేర్ హెల్మ్ చార్టులుగానే (కుబర్నెటిస్ ఇన్‌స్టాల్ ప్యాకేజీలు) వస్తున్నా ఈకేఎస్ సరే.

ఈసీ2 (అమెజాన్ వర్చువల్ సర్వర్) మీద డాకర్ కంపోజ్? టెస్టింగ్‌కి చాలు. గూగుల్ క్లౌడ్ రన్ చిన్న ఏపీఐలకి బాగుంటుంది గానీ, ఒక రిక్వెస్టుకి గరిష్ఠ గడువు 60 నిమిషాలే. నెలాఖరు రిపోర్టు గంట దాటితే దాన్ని విడిగా జాబ్‌గా నడపాలి.