థండర్‌బర్డ్ కీలు కొత్త లాప్‌టాప్‌కి: పని సులువే, మెలికలు రెండు

పాత లాప్‌టాప్ ఎవరికైనా ఇచ్చేసే ముందు ఇది చదవండి. ఇక్కడ బరంపురంలో నేను కొత్తది కొన్న షాపు కుర్రాడు "డేటా అంతా ఎక్కించేశాం సార్, పాతది ఫార్మాట్ కొట్టేయనా" అన్నాడు, ఫొటోలూ ఎక్సెల్ ఫైళ్లూ వచ్చాయి గానీ మెయిళ్లు చూసుకునే సాఫ్ట్‌వేర్ థండర్‌బర్డ్‌లో ఉన్న సీక్రెట్ కీ, అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన (రహస్యంగా తాళం వేసిన) మెయిళ్లను తెరిచే తాళంచెవి, దాని ఊసే లేదు. బ్యాకప్ లేకుండా అది పోయిందా, దాంతో ఎన్‌క్రిప్ట్ అయిన పాత మెయిళ్లు ఇక తెరుచుకోవు, ఓటీపీతో తిరిగొచ్చే వ్యవహారం కాదిది.

2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి ఎనిగ్‌మెయిల్ యాడాన్ విడిగా పెట్టుకునే గొడవ లేకుండా, మెయిళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్‌పీజీపీ పద్ధతి థండర్‌బర్డ్ లోపలే ఉంది, పెద్ద సుఖం. కీ మేనేజర్ తెరిచి, మన కీ మీద నొక్కి, ఫైల్ మెనూలో సీక్రెట్ కీ బ్యాకప్ అంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమని ఫైల్ చేతికిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేయడమే. అక్కడితో అయిపోలేదు, అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ దగ్గర ఆ కీని మళ్లీ ఎంచుకోవాలి. అవతలివాళ్ల పబ్లిక్ కీలు, అంటే వాళ్లకి పంపే మెయిల్‌కి తాళం వేయడానికి వాడేవి, ఈ బ్యాకప్‌లో రావు, విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. రెండూ ఒకే బటన్‌తో ఇస్తే ఏం పోయింది?

అంత ఓపిక లేనివాళ్లు థండర్‌బర్డ్ తన డేటా దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి, మెయిళ్లతో పాటు కీలూ వచ్చేస్తాయి. పైసా తీసుకోని సాఫ్ట్‌వేర్‌కి నాలుగు స్టార్లు. షాపుకి రెండే, అవి కూడా ఆ కుర్రాడు అడిగాకే ఫార్మాట్ కొడదామనుకున్నందుకు.