మ్యూటెక్సా, స్పిన్‌లాకా, అటామిక్కా: బోరు మీటరు డ్రైవర్‌కు ఏది మేలు?

అనంతపురం జిల్లా గార్లదిన్నె వైపు చీనీ తోటలో డ్రిప్ లైనుకు ఫ్లో మీటరు బిగించి, దాని పల్సులను చిన్న లినక్స్ బోర్డుతో లెక్కపెట్టిస్తున్నారనుకోండి. పల్సు వచ్చినప్పుడల్లా ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ సంకేతం రాగానే, నడుస్తున్న పనిని ఆపి నడిచే డ్రైవర్ కోడ్) కౌంట్‌ను ఒకటి పెంచుతుంది. అప్లికేషన్ రీడ్ అడిగితే డ్రైవర్ కౌంట్ ఇచ్చి, దాన్ని సున్నా చేస్తుంది. ఈ రెండు పనుల మధ్యలో పల్సు పడిందంటే అది గల్లంతే. టేబుల్ మీద నిదానంగా పరీక్షిస్తే ఈ తప్పు దొరకదు. మోటారు నిండుగా పోసేటప్పుడే లీటర్లు తగ్గుతాయి.

చాలామంది ముందు మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి పోనిచ్చే తాళం) పెడతారు. ఇక్కడ అది దండగ. దొరకని మ్యూటెక్స్ కోసం నిద్రపోవాలి, హ్యాండ్లర్ నిద్రపోకూడదు. రీడ్ వైపు ఒక్కటే పెడితే హ్యాండ్లర్ దాన్ని లెక్కచేయదు.

కౌంట్ ఒక్కటే అయితే అటామిక్కే (మధ్యలో ఇంకే కోడూ దూరలేని ఒక్క అడుగు పని) మేలు. రీడ్‌లో అటామిక్ ఎక్స్ఛేంజ్ వాడితే పాత విలువ తీసుకోవడం, సున్నా పెట్టడం ఒక్క దెబ్బకు అయిపోతాయి. అటామిక్ రీడ్ చేసి, ఆ తర్వాత అటామిక్ సెట్ చేశారా, మళ్లీ మొదటికే.

కౌంట్‌తోపాటు చివరి పల్సు టైము కూడా కావాలంటే ఆ రెండూ జత తప్పకూడదు. అప్పుడు స్పిన్‌లాక్ (నిద్రపోకుండా, దొరికేదాకా తిరుగుతూ ఎదురుచూసే తాళం) తప్పదు. హ్యాండ్లర్‌లో మామూలు స్పిన్_లాక్ చాలు. రీడ్ వైపు మాత్రం, లాక్ ఉన్నంతసేపు ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లను ఆపే ఐఆర్‌క్యూసేవ్ రకం వాడాలి. లేదంటే లాక్ పట్టుకున్న కోర్ మీదే ఇంటరప్ట్ వచ్చి, హ్యాండ్లర్ అదే లాక్ కోసం తిరుగుతూ ఉండిపోతుంది; లాక్ వదలాల్సిన కోడ్‌కు వంతే రాదు. బోర్డు బిగుసుకుపోతుంది, తోట దాకా పోయి రీసెట్ కొట్టేదెవరు? లాక్ లోపల రెండు విలువలనూ లోకల్ వేరియబుల్స్‌లోకి తీసుకుని, వదిలేశాకే, వాటిని అప్లికేషన్‌కు అందించే కాపీ_టు_యూజర్ పిలవండి. అది పేజ్ ఫాల్ట్‌లో (కావాల్సిన మెమరీ పేజీ సిద్ధంగా లేనప్పుడు) నిద్రపోవచ్చు.

ఇంటరప్ట్ రాగానే ఐ2సీ (సెన్సర్లను బోర్డుకు కలిపే రెండు తీగల లైను) మీద ప్రెజర్ సెన్సర్ చదవాలా? ఐ2సీ ట్రాన్స్‌ఫర్ నిద్రపోతుంది కాబట్టి స్పిన్‌లాక్ కుదరదు. థ్రెడెడ్ ఐఆర్‌క్యూ (నిద్రపోగలిగే థ్రెడ్‌లో నడిచే హ్యాండ్లర్) తీసుకుని, ఆ థ్రెడ్ ముగిసేదాకా అదే ఇంటరప్ట్‌ను ఆపి ఉంచే వన్‌షాట్ ఫ్లాగ్ ఇవ్వండి; మ్యూటెక్స్‌కు సరైన చోటు అదే.

డ్రైవర్ మాడ్యూల్ తీసేటప్పటి రేసును (రెండు పనులు ఒకేసారి ఒకే మెమరీ మీద పడే తప్పును) ఈ మూడింటిలో ఏదీ ఆపదు. ముందు ఇంటరప్ట్‌ను వదిలే ఫ్రీ_ఐఆర్‌క్యూ, తర్వాత (హ్యాండ్లర్ తర్వాతికి వాయిదా వేసిన పని ఉంటే) దాన్ని ఆపే క్యాన్సిల్_వర్క్_సింక్, చివరికి మెమరీని వదిలే కేఫ్రీ. డెవ్ఎమ్ రకంతో (కెర్నల్ తనంతట తానే విడుదల చేసే పద్ధతితో) ఐఆర్‌క్యూ తీసుకుని, డ్రైవర్ తీసేటప్పుడు నడిచే రిమూవ్‌లో మెమరీని చేత్తో వదిలేస్తేనే చిక్కు: ఆ ఐఆర్‌క్యూ విడుదలయ్యేది రిమూవ్ ముగిశాకే, ఈలోగా వచ్చే పల్సు వదిలేసిన మెమరీలో రాస్తుంది.